సోలోకి ఎన్ని గంటల ప్రయాణం?

అత్తయ్యా,

అందరూ క్షేమమేనా, మేమూ క్షేమమే అంటూ సగం పేజీ నింపడం నాకు చేతకాదు. నేను బాగున్నాను. మామూలుగా కాదు, చాలా బాగున్నాను. కుట్టుమిషన్ మీంచి కాలు తీసి, కుదురుగా కూర్చుని చదువు.

నేను బ్యాండు వదిలేశాను. సోలోకి వెళ్ళిపోతున్నాను.

పోయిన వారం బిస్కెట్ల ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో మా ప్రోగ్రాం ఉంది కదా. మొదటి పాట మధ్యలో మా గంధర్వుడికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. (గంధర్వుడంటే మా ముందు వరస గాయకుడే. ఆ బిరుదు ఆయనకి ఆయనే ఇచ్చుకున్నాడు.) నీళ్ళు తాగాడు, ఊపిరి బిగబట్టాడు. డ్రమ్ములు వాయించే మన దడదడ వచ్చి వీపు మీద నాలుగు చరిచాడు. తగ్గలేదు. మా బ్యాండు మాస్టారు కీబోర్డు మీద అదే ముక్కని ఆరుసార్లు తిప్పి తిప్పి వాయించి, ఇక దారి లేక నా వైపు చూశారు. ఏడేళ్ళలో ఆయన నా వైపు చూడటం అదే మొదటిసారి.

ఈ ఏడేళ్ళూ వెనక వరసలో నిలబడి నేను పాడిందంతా కలిపితే ‘ఆ’ అనే ఒక్క అక్షరం. ఓసారి పొడుగ్గా, ఓసారి పొట్టిగా. ఆ రోజు మాత్రం ముందుకొచ్చి పాట మొత్తం పాడాను. దాని తర్వాత ఇంకో ఏడు పాడాను. క్యాంటీన్ వాళ్ళు గరిటెలతో సహా బయటికొచ్చి నిలబడ్డారు. గంధర్వుడి ఎక్కిళ్ళు మూడో పాటకే తగ్గిపోయాయి గానీ, తగ్గాయా అని ఆయన్ని ఎవరూ అడగలేదు.

అయిపోయాక ఒకాయన వచ్చాడు. నగరంలో లైబ్రరీ హాలుకి మేనేజరట. “మీరొక్కరే రెండు గంటలు పాడగలరా?” అన్నాడు. “మూడు గంటలు పాడతాను” అన్నాను. నా సొంత పాటలు నాలుగున్నర ఉన్నాయి.

మాస్టారికి చెబితే “వెనకాల ఆ అనే గొంతు వినడానికి ఎవరొస్తారమ్మా?” అన్నారు. కోపంగా కూడా అనలేదు, జాలిగా అన్నారు. అందుకే బ్యాండు వాళ్ళిచ్చిన ఆకుపచ్చ కోటు విప్పి ఆయన చేతిలో పెట్టి, మర్నాడే నగరానికి వచ్చేశాను. నువ్వేమో స్కూలు యూనిఫారాల కొలతలకి పక్క ఊరు వెళ్ళావు. నీ కోసం ఆగితే నా మనసు మారుతుందేమోనని ఆగలేదు. సైకిల్ షాపు మేడ మీద గది తీసుకున్నాను. ప్రోగ్రాం ఇంకో రెండు నెలలకి.

ఉంటాను మరి,
నీ గువ్వ

తా.క.: నాన్నకి నువ్వే చెప్పు. నేను చెబితే నన్ను తిడతాడు. నువ్వు చెబితే నిన్ను తిడతాడు. నీకు అలవాటే.

•

గువ్వకి అత్తయ్య దీవెనలు.

దీవెనలు పైన రాశాను. తిట్లు కిందున్నాయి, వరసగా చదువుకో.

చెప్పాపెట్టకుండా ఊరు దాటతావా? సరే, దాటావు. ఇంతకీ సోలో ఏ దిక్కున ఉంది? నగరం నుంచి అక్కడికి ఎన్ని గంటల ప్రయాణం? మీ నాన్న బస్సు డిపోలో టైముల బోర్డు రాయబట్టి ఇరవై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో సోలో అనే ఊరి పేరు ఒక్కసారి కూడా రాయలేదట. “అక్కా, బస్సు పోని ఊరికి ఆడపిల్ల ఎలా పోతుందే?” అని అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పోనీ తెలిసినవాళ్ళని అడుగుదామని మందుల షాపాయన దగ్గరికి వెళ్ళాను. ఆ మనిషికి తెలియని విషయం ఇంతవరకు మన వీధిలో బయటపడలేదు. కళ్ళు మూసుకుని ఆలోచించి, “సోలోనా? గడ్డకట్టే చలండీ అక్కడ. ఏడాదిలో ఎనిమిది నెలలు మంచే” అన్నాడు. నా గుండె జారిపోయింది. నీకు చిన్నప్పుడు ఐస్ ముక్క చూస్తేనే జలుబు చేసేది.

రెండు రోజులు యూనిఫారాలు పక్కన పడేసి, నీకు దళసరి ఉన్ని కోటు కుట్టాను. లోపల రెండు పొరలు. చెవుల మీదికి వచ్చేలా టోపీ కూడా దానికే తగిలించాను. పార్సిల్ పంపాను, సోలో బయల్దేరే ముందు తొడుక్కో.

మందుల షాపు ఫోనుకి మాత్రం చెయ్యకు. రిసీవరు నాకిచ్చి తన చెవి కూడా దానికే ఆనిస్తాడు.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తగ్గని అత్తయ్య

తా.క.: అక్కడ ఏ భాష మాట్లాడతారు? మందుల షాపాయన రెండు ముక్కలు నేర్పిస్తానన్నాడు.

•

బంగారు అత్తయ్యా,

కోటు అందింది. తొడుక్కుని మెట్లు దిగితే కింద సైకిల్ షాపాయన చేతిలో పంపు వదిలేసి “యుద్ధమేమన్నా వచ్చిందా అమ్మా?” అన్నాడు. ఇక్కడ ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు కారుతున్నాయి.

సోలో ఊరు కాదు అత్తయ్యా! నేనొక్కదాన్నే పాడటాన్ని సోలో అంటారు. నా పక్కన ఎవరూ ఉండరు. నా వెనక ఎవరూ ఉండరు. వేదిక మీద ఒక్క కుర్చీ, ఒక్క హార్మోనియం, ఒక్క మైకు, అంతే. తలుచుకుంటేనే ఎంత బాగుందో!

పాటలు ఏడయ్యాయి. పొద్దున లేవగానే కిటికీ దగ్గర కూర్చుని కడుతున్నాను. కింద షాపాయన చక్రం బిగిస్తూ వింటాడు. నిన్న ఒక పాట అయిపోగానే కిందనుంచి కేకేశాడు. “పల్లవి బాగుందమ్మా. రెండో చరణంలో గాలి తగ్గింది” అని. నాకు మహా కోపం వచ్చింది. కాసేపయ్యాక మళ్ళీ పాడుకుని చూస్తే నిజంగానే తగ్గింది. ఇప్పుడు సరిచేశాను. ఏడేళ్ళలో మాస్టారు నాకు ఇలాంటి మాట ఒక్కటి చెప్పి ఉంటే!

నీ
గువ్వ

తా.క.: ఆ షాపులో మందులు మాత్రం కొనకు.

•

నా తల్లీ గువ్వా,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నాకు మిషన్ మీద కాలు ఆడలేదు.

పక్కన ఎవరూ లేరా? వెనక ఎవరూ లేరా? అందులోనూ ‘అంతే’ అని రాశావు చూడు, ఆ మాట దగ్గర కళ్ళనీళ్ళు ఆగలేదు. నేను లేనా? మీ నాన్న లేడా? బాగుందని రాసినంత మాత్రాన నమ్ముతామా? నువ్వు ఏడో తరగతిలో చెయ్యి విరిగినప్పుడు కూడా బాగుందనే అన్నావు.

ఇంట్లో ఒక్కటే కుర్చీయా? మనిషన్నాక ఎవరో ఒకరు వస్తారు, వచ్చినవాళ్ళని నిలబెట్టి మాట్లాడతావా? నాలుగు మడత కుర్చీలు బస్సు మీద వేయించాను. మీ నాన్న దగ్గరుండి కట్టించాడు.

ఇక అసలు సంగతి. మన వీధి చివర బ్యాండు షెడ్డుకి నిన్న వెళ్ళాను. మాస్టారు కీబోర్డు తుడుస్తున్నారు.

“మా పిల్ల అక్కడ దిక్కూమొక్కూ లేకుండా ఉందండీ. తొందరపడింది. మళ్ళీ రానివ్వండి” అన్నాను.

ఆయన చాలా సేపు తుడిచారు. “నేను క్షమించేశానండీ. రమ్మనండి. పాత చోటే, వెనకాలే” అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం ఆలోచించకు, పొద్దున బస్సెక్కు.

నీకు నేనున్నానని రాస్తూ,
అత్తయ్య

తా.క.: సోలో ఊరు కాదట కదండీ అని మందుల షాపాయనకి చెప్పాను. “మీరనేది వేరే సోలో” అన్నాడు.

•

అత్తయ్యకి,

మాస్టారి ఉత్తరం కూడా నీ ఉత్తరంతో పాటే వచ్చింది. ఒకటే వాక్యం. ‘క్షమించాను, వచ్చేస్తే నీ కోటు నీకే ఇస్తాను.’

నేనేం తప్పు చేశానని ఆయన క్షమించడం? నువ్వేం చూశావని నా తరఫున వెళ్ళి బతిమాలడం? వేదిక మీద కుర్చీ అని రాస్తే ఇంట్లో కుర్చీ అనుకుంటావా? వెనక ఎవరూ లేరంటే నాకు సంతోషం అత్తయ్యా. ఏడేళ్ళు నేనొకరి వెనక ఉన్నాను. ఇప్పుడు నా ముందు జనం తప్ప ఎవరూ ఉండరని దాని అర్థం.

హాలుకి రెండొందల మంది పడతారు. అందులో ఇరవై మందే రావచ్చు. వచ్చినవాళ్ళు మధ్యలో లేచి పోవచ్చు. పోతే పోనీ. ఓడిపోతే నా పాటతో, నా నోటితో ఓడిపోతాను. కానీ ఓడిపోను. పాటలు పదకొండయ్యాయి, అందులో తొమ్మిది మంచివి. ఆ సంగతి నాకే కాదు, షాపాయనకి కూడా తెలుసు.

వెళ్ళి మాస్టారికి చెప్పు, గువ్వ రాదు అని. అడగడానికి వెళ్ళినదానివి నువ్వే కాబట్టి చెప్పడానికీ నువ్వే వెళ్ళు.

గువ్వ

తా.క.: కుర్చీలు మేడ మెట్లు ఎక్కడం లేదు, షాపు ముందే వేశాం. ఇప్పుడు టైర్లు బాగున్నవాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి కూర్చుని పాట వింటున్నారు. అందుకు మాత్రం థాంక్స్.

•

గువ్వకి,

తప్పు నాదే. ఇంతకంటే పొడుగ్గా ఒప్పుకోవడం నాకు రాదు.

వెళ్ళాను, చెప్పాను. “మా పిల్ల రాదు. వచ్చే పనైతే ముందు వరసలోకే వస్తుంది. అది మీకెలాగూ కుదరదు” అని ముఖం మీదే అనేశాను. ఆ తర్వాత ఏవో మాటలు జరిగాయి. అవి ఇప్పుడు రాయను. ఆ మాటల వల్ల నాకు కొంచెం పని తగిలింది. రోజూ పొద్దున షెడ్డుకి వెళ్ళాల్సొస్తోంది. యూనిఫారాలు మధ్యాహ్నం నుంచి కుడుతున్నాను.

మీ నాన్న కులాసా. నీ ప్రోగ్రాంకి వస్తాడట. చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేయించుకున్నాడు. ఇంకా నెల ఉందిరా అంటే వినడు.

అత్తయ్య

తా.క.: బాగా పైకి పాడేటప్పుడు ఊపిరి ఛాతీలోంచి తీసుకోవాలా, కడుపులోంచా? ఊరికే అడుగుతున్నాను.

•

అత్తయ్యా,

కడుపులోంచి. ఎందుకడిగావో అర్థం కాలేదు గానీ ఇంకో సంగతి బాగా అర్థమైంది.

రోజూ షెడ్డుకి వెళ్తున్నావు. నువ్వు కుట్టే మనిషివి. అంటే వాళ్ళకి కొత్త కోట్లు కుడుతున్నావన్నమాట! నన్ను ఏడేళ్ళు వెనక నిలబెట్టినవాళ్ళ భుజాలు కొలుస్తున్నావా? గంధర్వుడికి కూడా కుడుతున్నావా? ఆయన పొట్ట లోపలికి లాక్కుని కొలత ఇస్తాడు జాగ్రత్త.

మొన్న దడదడ డ్రమ్ముకి తోలు మార్పించడానికి నగరం వచ్చి నన్ను కలిశాడు. నా చోటులోకి కొత్త గొంతు దొరికిందట. “ఎలా పాడుతుంది?” అన్నాను. వాడు తల దించుకుని “నీకంటే గట్టిగా” అన్నాడు. ఎవరని ఎంతడిగినా చెప్పలేదు, టీ కూడా తాగకుండా పారిపోయాడు. వదిలేసి వచ్చిన చోటు మీద నాకు ఆశ లేదు. అయినా ఆ రోజంతా ఒక్క లైను కూడా కట్టలేకపోయాను. నువ్వు రోజూ వెళ్తున్నావు కదా, ఎవరా పిల్ల? నిజంగా బాగా పాడుతుందా?

ప్రోగ్రాం వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి. మొదటి వరసలో నడిమి కుర్చీ నీది. నీ పేరు కాగితం మీద రాసి దానికి నేనే అంటిస్తాను.

నీ మీద అనుమానంతో, ప్రేమతో,
గువ్వ

తా.క.: పాటలు పద్నాలుగు.

•

గువ్వకి,

కోట్లు కుట్టడం లేదు. ఉన్న కోటు ఒకటి చంకల దగ్గర విప్పి వదులు చేశాను. అంతవరకే.

కొత్తావిడని చూశాను. పిల్ల అనడానికి లేదు, వయసు మళ్ళింది. కొంచెం లావు. నోరు పెద్దది, పాటకీ మాటకీ కూడా. బాగా పాడుతుందా అని నన్ను అడిగితే నేనేం చెబుతాను? బాగానే పాడుతుందని అందరూ అంటున్నారు.

శనివారం నాకు వీలు కాదమ్మా. ఆ సాయంత్రమే తప్పించుకోలేని పని పడింది. ఇంతకంటే అడగకు. మీ నాన్న వస్తాడు. ధైర్యంగా పాడు. నీకు ధైర్యం చెప్పక్కర్లేదని తెలుసు, అయినా రాయాలి కదా.

అత్తయ్య

తా.క.: వేదిక ఎక్కే ముందు కాళ్ళు వణికితే ఏం చేస్తారు?

•

అత్తయ్యా,

నిన్న పాడాను.

నూట అరవై మంది వచ్చారు. అందులో ముప్పై మంది సైకిళ్ళ వాళ్ళు. హాలు బయట సైకిళ్ళు చూసి మేనేజరు ఇదేదో పోటీ అనుకున్నాడు.

వేదిక ఎక్కగానే ఏం చేశానో తెలుసా? మైకు దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ రెండడుగులు వెనక్కి వేసి నిలబడ్డాను. జనంలోంచి ఒక ముసలాయన “ముందుకి రామ్మా, ఇక్కడ మేం కరవం” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ముందుకొచ్చి కూర్చున్నాను.

మొదటి లైను పాడాను. పాడి ఆగిపోయాను. ఎందుకాగానంటే, రెండో లైను గంధర్వుడు అందుకుంటాడని ఎదురుచూశాను! హాలంతా నిశ్శబ్దం. ఎవరూ అందుకోలేదు. అప్పుడు తెలిసింది అత్తయ్యా, ఆ లైను కూడా నాదే. దాని తర్వాతదీ నాదే. సాయంత్రం మొత్తం నాదే. గొంతెత్తి రెండో లైను అందుకుంటే జనం చప్పట్లు కొట్టారు. కావాలని ఆగాననుకున్నారట! ఇవాళ్టి పేపర్లో ‘ఆ మౌనమే ఆమె ప్రత్యేకత’ అని వేశారు. ఇక ప్రతి ప్రోగ్రాంలోనూ ఆగాలి.

పద్నాలుగు పాటలూ పాడాను. రెండోసారి పాడమని నాలుగు అడిగారు. నాన్న చివరి వరసలో కూర్చున్నాడు, ఆరున్నర బస్సుకి వెళ్ళిపోవాలి అంటూ. ఇరవై రెండేళ్ళు అందరికీ బస్సు టైము రాసిన మనిషి ఆరున్నర బస్సూ వదిలేశాడు, ఏడింటి బస్సూ వదిలేశాడు. అయిపోయాక వచ్చి నా తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

మేనేజరు వచ్చే నెలలో ఇంకో ప్రోగ్రాం పెడతానన్నాడు.

ఇంత సంతోషంలోనూ నడిమి కుర్చీ ఖాళీగానే ఉంది. షాపాయన కూర్చుంటానంటే కూర్చోనివ్వలేదు. నువ్వెందుకు రాలేదని నాన్నని అడిగితే కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. నా మొదటి రోజు కంటే పెద్ద పని నీకేముంటుంది? నిజం రాయి. అబద్ధమైతే ఉత్తరం పోస్టు చెయ్యకు.

నీ
గువ్వ

తా.క.: కాళ్ళు వణికితే వణకనివ్వాలి. మొదటి చప్పట్లకి అవే ఆగుతాయి.

•

మా ఇంటి గాయకురాలు గువ్వకి, అత్తయ్య ముద్దులు.

ఆగాయి. నువ్వన్నట్టే మొదటి చప్పట్లకి ఆగాయి.

నిజం రాయమన్నావు. శనివారం సాయంత్రం నాలుగింటికి నువ్వు వేదిక ఎక్కావు కదా. నాలుగింటికే మన ఊరి హైస్కూల్లో హెడ్మాస్టారి రిటైర్మెంటు సభలో నేనూ ఎక్కాను.

ఆ రోజు నువ్వు రావని చెప్పడానికి షెడ్డుకి వెళ్ళాను చూడు, అప్పుడు మాస్టారు దిగులుగా కూర్చున్నారు. “ముగ్గుర్ని పిలిచి చూశామండీ, గువ్వ పట్టే పై స్థాయి ఒక్కరికీ అందడం లేదు” అన్నారు.

“అదేమంత పనండీ, అది మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాతోపాటే పాడేది” అని, నిలబడ్డ చోటే అందుకుని చూపించాను. దడదడ చేతిలో కర్రలు కింద పడ్డాయి. మాస్టారు కీబోర్డు మీద వెతికి వెతికి, “ఇంకొంచెం పైకి పోతారా?” అన్నారు. పోయాను. గంధర్వుడు టీ తాగొస్తానని బయటికి వెళ్ళాడు. నలభై ఏళ్ళు మూడు మిషన్ల చప్పుడు మీద పాడిన గొంతే ఇది. బ్యాండు చప్పుడు దీనికేం లెక్క?

ముందే చెబుదామనుకున్నాను. నువ్వు రానన్న చోటులోకి నేను వెళ్ళానంటే ఏమనుకుంటావోనని చెయ్యి ఆడలేదు. ఒక ఉత్తరం రాసి చింపేశాను కూడా.

మాస్టారు చెప్పినట్టే వెనక వరసలో నిలబడి మొదటి పాటకి ‘ఆ’ అన్నాను. రెండో పాటకీ ‘ఆ’ అన్నాను. మూడో పాటకి విసుగొచ్చింది. నువ్వు ఏడేళ్ళు ఎలా ఓర్చుకున్నావే? గంధర్వుడు ఊపిరి తీసుకునే సందులో తర్వాతి లైను నేనే పాడేశాను. గుడ్డలో జానెడు మిగిలినా జేబు కుట్టే మనిషిని, సందు ఖాళీగా వదలడం నా వల్ల కాదు. ఆయన ఆశ్చర్యపోయి ఇంకో ఊపిరి తీసుకున్నాడు. ఇంకో లైను కూడా నాదే అయింది. నేను యూనిఫారాలు కుట్టిన పిల్లలంతా లేచి నిలబడి “టైలరమ్మ! టైలరమ్మ!” అని ఒకటే అరుపులు. ఐదో పాటకి మాస్టారే చెయ్యి ఊపి ముందుకి రమ్మన్నారు. గంధర్వుడు ఇప్పుడు వెనకే నిలబడుతున్నాడు. ‘ఆ’ బాగా అంటాడు, పాపం.

నీ దగ్గరికి రావాలని నాకు లేక కాదు గువ్వా. నువ్వు పాడుతున్న వేళకే నేనూ పాడుతున్నానని తలుచుకుంటే, కుర్చీలో కూర్చుని వినడం కంటే అదే దగ్గరగా అనిపించింది. కోపం ఉంటే ఉంచుకో. నీ పాటలు వింటాను, అన్నీ వింటాను. నువ్వు కూడా వచ్చి మా పాటలు విను.

ఇట్లు,
బ్యాండు ముందు వరస నుంచి,
నీ అత్తయ్య

తా.క.: వచ్చే నెల రెండో శనివారం మీ లైబ్రరీ హాల్లో మా ప్రోగ్రాం. మేనేజరు పొరపాటున అదే రోజు నీకు కూడా ఇచ్చాడట. ఇద్దరిలో ఎవరో ఒకరు తప్పుకోవాలని మాస్టారికి కబురు చేశాడు. నువ్వు చిన్నదానివి, ఇంకో శనివారం చూసుకోగలవు. నాకు యాభై ఎనిమిది. నేను తప్పుకోను.